విధి నిర్వహణలో తూలుట

మా ఆఫీసు తిరుగుతోందని అందరికన్నా ముందు కనిపెట్టింది నేనే. కాకపోతే ఒక ఏడాది ముందు కనిపెట్టాను. సర్కారు కొలువులో ఆలస్యంగా చెప్పినవాళ్ళని క్షమిస్తారు గానీ ముందుగా చెప్పినవాళ్ళని క్షమించరు. అందుకని నాకు మెమో ఇచ్చారు.

ముందు మా ఆఫీసు సంగతి చెప్పాలి. భవన స్థిరత్వ ధ్రువీకరణ సంస్థ, ఏలూరు ప్రాంతీయ కార్యాలయం. చుట్టుపక్కల ఏ బడి, ఏ ఆసుపత్రి, ఏ గోడౌను నిటారుగా నిలబడి ఉందో, ఏది ఒరిగిందో తేల్చి కాగితం ఇవ్వడం మా పని. నేను అక్కడ సూపరింటెండెంటుని, పేరు అలివేలు. మా నాన్నగారు కూడా ఆ ఆఫీసులోనే గుమాస్తాగా చేరి, సర్వీసు రిజిస్టరులో ఒక్క మచ్చ లేకుండా రిటైరయ్యారు. ఆ మాట ఆయన చెప్పుకోని పండగ లేదు. నేనూ అలాగే దిగిపోవాలని ఆయన కోరిక, నా పంతం కూడా.

గోడ నిటారుగా ఉందో లేదో చూడడానికి మేస్త్రీల దగ్గర తూకపు గుండు ఉంటుంది, రసమట్టం ఉంటుంది. మా దగ్గరా ఉన్నాయి. దసరాకి బీరువాలోంచి తీసి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ బీరువాలో పెట్టేస్తాం. మా అసలు పరీక్ష వేరు. దాన్ని 'నిలుపు' అంటారు. అధికారి వెళ్ళి భవనం నడిమధ్యన చెప్పులు విడిచి నిలబడి, చేతులు కట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. కాసేపయ్యాక కళ్ళు తెరిచి "నిలిచింది" అంటే ఆ భవనం నిలిచినట్టు, "ఊగింది" అంటే ఊగినట్టు. సంస్థ తొలి డైరెక్టరు గారు ఇలాగే చేసేవారట. ఆయనకి రసమట్టం చూడడం రాక ఈ పద్ధతి పెట్టారని గిట్టనివాళ్ళు అంటారు. ఏమైతేనేం, మా నిబంధనావళిలో మొదటి వాక్యం అదే అయింది: "యంత్రమునకును అధికారి అనుభూతికిని భేదము కలిగినచో అధికారి అనుభూతియే ప్రమాణము."

కిందటి ఏడాది శ్రావణమాసంలో ఒక పొద్దున్న పక్క మీద ఇటునుంచి అటు ఒత్తిగిలాను. ఇల్లు గిర్రున తిరిగింది. మంచం పట్టె పట్టుకుంటే మంచం కూడా తిరుగుతోంది. కళ్ళు మూసుకుంటే ఇంకా ఎక్కువైంది. పడిపోతున్నానని కేక పెట్టాను. పడుకుని ఉన్న మనిషి ఇంకెక్కడికి పడుతుందని అప్పుడు తోచదు. కాసేపటికి తగ్గింది. తగ్గింది కదా అని ఆఫీసుకి వెళ్ళాను. కింది అరలో ఫైలు కోసం వంగి లేచేసరికి మళ్ళీ వచ్చింది. ఎదురుగా ఉన్న స్తంభాన్ని రెండు చేతులా కావలించుకున్నాను. సరిగ్గా అప్పుడే వరండాలోంచి డైరెక్టరు విశ్వంభరం గారు వస్తున్నారు.

"ఏంటి అలివేలు గారూ, ఆ స్తంభంతో పనేంటండీ?"

"అంతా తిరిగిపోతోంది సార్. రెండు రోజులు సెలవిప్పిస్తే డాక్టరుకి చూపించుకుంటాను."

"అంతా అంటే?"

"అంతా సార్. గోడలు, కిటికీలు, మీరు కూడానూ."

తనని కూడా కలిపినందుకు ఆయన నొచ్చుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అలివేలు గారూ, ఈ భవనం తిరగదండీ. తిరగదని నేను స్వయంగా నిలుపు చేసి సంతకం పెట్టాను. జిల్లాలో భవనాలన్నిటికీ స్థిరత్వం పంచిపెట్టే ఆఫీసులో కూర్చుని గోడలు తిరుగుతున్నాయంటే, బయటివాళ్ళు మన కాయితాలు చూసి నవ్వరా?"

సాయంత్రానికి మెమో వచ్చింది. "స్థిరముగా నున్న ప్రభుత్వ భవనము తిరుగుచున్నదని పేర్కొనుట సంస్థ ప్రతిష్ఠకు భంగకరము. సెలవు తిరస్కరించడమైనది." దాంతో ఊరుకుంటే బాగుండేది. నా సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో ఒక మాట కూడా రాయించారు: "విధి నిర్వహణలో తూలుట."

మన జనానికి తెలిసి మనిషి తూలడానికి ఒకటే కారణం. మర్నాడు కాంటీనులో టీ తెమ్మంటే కుర్రాడు నా మొహం చూసి "మజ్జిగ తెమ్మంటారా మేడం, దిగిపోద్ది" అన్నాడు. మా వీధిలో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, వాళ్ళ తమ్ముడు కూడా ఫలానా చోట మందు మానిపించుకున్నాడని జాలిగా చెప్పింది. కల్లుకుండని తాడిచెట్టు మీద ఉండగా తప్ప చూడనిదాన్ని నేను. ఆ రాత్రి మా నాన్నగారి పటం ముందు నిలబడడానికి సిగ్గేసింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, ముందు ఏడుపే అయింది.

ఆదివారం చెవి డాక్టరు షమీమ్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టారు. లోకం గిరగిరా తిరిగింది. ఆవిడ నా కళ్ళలోకి చూసి, "దొరికింది" అన్నారు, పోయిన చెవిపోగు దొరికినంత తేలిగ్గా.

"చెవి లోపల సున్నపు నలుసుల్లాంటివి ఉంటాయండి. అవి ఉండాల్సిన చోట ఉన్నంతకాలం మనిషి నిలబడతాడు. పక్క గొట్టంలోకి జారాయా, తల తిప్పినప్పుడల్లా ప్రపంచం తిరుగుతుంది. దీనికి మందెందుకు, దొర్లించి వాటి చోటికి పంపించేద్దాం."

తల అటు తిప్పారు, కాసేపు ఆపారు, ఇటు తిప్పారు, పక్కకి దొర్లించారు, లేపి కూర్చోబెట్టారు. ఒక కాఫీ తాగినంతసేపు పట్టింది. దిగి నిలబడితే నేల నేల లాగే ఉంది. దండం పెట్టబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపారు. "మళ్ళీ రావచ్చు. వస్తే కంగారు పడకండి, పోతుంది. వచ్చినప్పుడు మాత్రం పట్టుకోడానికి పక్కన ఒక మనిషి ఉండేట్టు చూసుకోండి. పడితే తుంటి ఎముకలు విరుగుతాయి. దీంట్లో ఉన్న ప్రమాదం అదొక్కటే."

కళ్ళు తిరగడం పోయింది గానీ రిజిస్టరులో తూలడం పోలేదు. కొట్టెయ్యమని అడిగాను. సర్వీసు రిజిస్టరులో కొట్టివేతలు నిషిద్ధమన్నారు.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. ఒకరోజు విశ్వంభరం గారు నన్ను గదిలోకి పిలిచి ఏదో చెబుతూ, "ఆ ఫ్యాను బూజు దులిపే నాథుడే లేడా?" అంటూ తల పైకెత్తారు. ఎత్తినవారు ఎత్తినట్టే ఆగిపోయారు. రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకున్నాయి. మొహం పాలిపోయింది. కనుగుడ్లు ఒక పక్కకి టకటకా కొట్టుకుంటున్నాయి. నాకు చూడగానే తెలిసిపోయింది.

"సార్, కదలకండి. ఇప్పుడే తగ్గిపోతుంది. ఇది చెవి..."

"అలివేలు గారూ," అన్నారాయన కళ్ళు మూసుకునే. "అధికారికి కళ్ళు తిరగవండీ."

"మరి?"

ఆయన నిబంధనావళి మొదటి వాక్యం మనసులో చదువుకుంటున్నారని ఆ మొహం చూస్తే తెలుస్తోంది. చివరికి, తీర్పు చెప్పినంత గంభీరంగా, "భవనం తిరుగుతోంది" అన్నారు.

ఇంజనీరు కోదండపాణిని పిలిచారు. అతనికి ఉద్యోగమన్నా, డైరెక్టరు గారన్నా సమానమైన భక్తి. బీరువాలోంచి తూకపు గుండు తెచ్చి పైనుంచి వేలాడగట్టాడు. పోయిన దసరా కుంకుమ బొట్టుతో అది నిశ్చలంగా నిలబడింది. గదిలో అందరం దాన్నే చూశాం.

"కదలడం లేదండి," అన్నాడు కోదండపాణి, భయపడుతూ.

"ఎలా కదులుతుందండీ? భవనంతో పాటు గుండూ తిరుగుతోంది, మనమూ తిరుగుతున్నాం. అందరూ కలిసి తిరిగితే తేడా ఎలా తెలుస్తుంది?"

కోదండపాణి మొహం వెలిగిపోయింది. "అవునండి! భూమి కూడా అలాగే కదండి! అంటే గుండు ఎంత కదలకపోతే భవనం అంత గట్టిగా తిరుగుతున్నట్టేనండి!" అని, ఆ మాటే రాసి సంతకం పెట్టాడు. సాంకేతిక నివేదిక తయారైంది.

ఇక ఏ వైపు తిరుగుతోందన్న ప్రశ్న వచ్చింది. దానికి కమిటీ వేశారు. ఎడమనుంచి కుడికయితే ప్రదక్షిణం, కుడినుంచి ఎడమకయితే అప్రదక్షిణం. ప్రభుత్వ కార్యాలయం అప్రదక్షిణంగా తిరుగుతోందని బయటికి పొక్కితే అశుభమని కొందరు, అసలు చుట్టూ తిరగవలసింది ప్రజలు గాని ఆఫీసు కాదని కొందరు వాదించారు. మధ్యాహ్నం పులిహోర వచ్చాక అభిప్రాయాలు కలిశాయి. "కార్యాలయము ప్రజల చుట్టూ ప్రదక్షిణముగా తిరుగుచున్నది" అని తీర్మానించి, ఇది ప్రజాసేవలో ముందడుగని ఒక వాక్యం అదనంగా చేర్చారు.

మర్నాడు వరండాల పొడుగునా కొబ్బరి తాళ్ళు కట్టారు. సిబ్బంది ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో పని చెయ్యాలి. రెండో చేత్తో ఎప్పుడూ చేసేది ఏమీ లేదు గనక ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఆలస్యానికి కూడా కొత్త కారణం దొరికింది. కొల్లేటి వైపు ఊరినుంచి ఒక హెడ్మాస్టరు వచ్చాడు, గొడుగు చంకలో పెట్టుకుని.

"మా బడి గోడ బీటిచ్చిందండి. పిల్లల్ని లోపల కూర్చోబెట్టమంటారో, పాకలో కూర్చోబెట్టమంటారో మీరు కాయితం ఇత్తే తెలుత్తాదండి. మొన్న వేసవిలో అర్జీ పెట్టుకున్నానండి."

"మీ ఫైలు పొద్దున్న తూర్పున ఉందండి," అన్నాడు కోదండపాణి. "ఇప్పుడు ఏ దిక్కున ఉందో సాయంత్రానికి గాని తేలదు. అయినా తిరుగుతున్న ఆఫీసులోంచి తిరగని బడికి కాయితం ఎలా ఇస్తామండీ?"

హెడ్మాస్టరు కాసేపు మా తాళ్ళకేసి, వాటిని పట్టుకు వేలాడుతున్న మాకేసి చూశాడు. "పోనీలెండి. మీ ఆఫీసు మా ఊరేపు తిరిగినప్పుడే ఇవ్వండి," అని వెళ్ళిపోయాడు.

తరవాత సర్క్యులరు వచ్చింది. "భవన భ్రమణము అధికారికి అనుభవమైనందున సిబ్బందికిని అనుభవము కావలెను. నిలుపు పరీక్షలో తూలనివారి శిరస్సునందు లోపమున్నట్లు భావించి, వారిని కుర్చీకి అనర్హులుగా పరిగణించి, వైద్య మండలికి పంపుట జరుగును." కింద విశ్వంభరం గారి సంతకం, ఎప్పటికన్నా వంకరగా.

హాలు మధ్యలో ఒక్కొక్కరినే నిలబెట్టారు. తూలారు చూడండి! అకౌంటెంటు అమ్మవారి పూనకంలో ఊగినట్టు ఊగాడు. టైపిస్టు 'అమ్మో' అని కూడా అంది. కోదండపాణి తూలడంలో కూడా ఇంజనీరే. కుడికి కాస్త, ఎడమకి సరిగ్గా అంతే, కొలిచి తూలాడు.

నా వంతు వచ్చింది. చెప్పులు విడిచాను, చేతులు కట్టుకున్నాను, కళ్ళు మూసుకున్నాను. కొంచెం ఊగితే పోయేదేముంది? కానీ నాకు నిజంగా తిరిగిన రోజున తిరగడం లేదన్నారు. ఇవాళ నాకు తిరగనప్పుడు తిరుగుతోందనమంటున్నారు. అప్పుడు నేను మంచం పట్టె పట్టుకుని పెట్టిన కేక జ్ఞాపకం వచ్చి ఒళ్ళు మండింది. కర్రలా నిలబడ్డాను. "తూలండి మేడం గారూ, తూలండి," అని ఎవరో వెనకనుంచి బతిమాలారు కూడా.

సాయంత్రం రిజిస్టరులో మొదటి మాట కిందే రెండో మాట పడింది: "విధి నిర్వహణలో తూలకుండుట." వైద్య మండలి ముందు హాజరు కమ్మని తాఖీదు కూడా వచ్చింది, గడువు రెండు వారాలు. తూలినందుకు ఒక మచ్చ, తూలనందుకు ఒక మచ్చ. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చేసిన పనుల్లో సర్కారు గుర్తించినవి ఈ రెండే.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి విశ్వంభరం గారి భార్య భ్రమరాంబ గారు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకు భయంగా ఉందమ్మా అలివేలూ. ఆయన మంచం మీద వాలి నెల దాటింది. కుర్చీలో కూచునే నిద్ర. నిన్న నిద్దట్లో మెడ పక్కకి వాలితే నా చెయ్యి పట్టుకుని చంటిపిల్లాడిలా కేకపెట్టారు. డాక్టరంటే వినరు. నీకు నయం చేసినావిడకి ఎలాగైనా చూపించమ్మా. మా ఇల్లు కూడా తిరుగుతోందంటారు. మొన్న మా ఆడపడుచు ఇంటికి వెళితే ఆ ఇల్లూ తిరిగిందిట. ద్వారకాతిరుమల వెళ్ళే బస్సు కూడా తిరిగిందిట!"

"బస్సు తిరుగుతుంది కదండీ, మలుపుల్లో."

"స్టాండులో ఆగున్నప్పుడమ్మా," అని ఆవిడ ఏడ్చేశారు.

ఆయన మీద నాకు జాలి పడవలసిన అవసరం ఏమీ లేదు. పడకూడదనే అనుకున్నాను. కానీ ఆ భయం నాకు తెలుసు. అది పగవాడికి కూడా వద్దు. సరేనన్నాను.

చికిత్సకి రమ్మంటే రారు గనక తనిఖీకి రమ్మన్నాం. షమీమ్ గారి ఆసుపత్రికి స్థిరత్వ పత్రం కావాలని అర్జీ పెట్టించాను. విశ్వంభరం గారు అధికార హోదాలో విచ్చేశారు, ఒక చెయ్యి భార్య భుజం మీద, రెండో చెయ్యి గోడ మీద. హాలు మధ్య నిలబడి కళ్ళు మూసుకోగానే ముందుకి తూలారు. నేనూ భ్రమరాంబ గారూ చెరో రెక్కా పట్టుకున్నాం.

"ఇది కూడా తిరుగుతోంది," అన్నారు నీరసంగా.

"పైకప్పు కూడా చూడాలి కద సార్," అన్నారు షమీమ్ గారు నవ్వకుండా. "ఈ బల్ల మీద పడుకుంటే బాగా తెలుస్తుంది. తల నేను పట్టుకుంటాను. మా పైకప్పుని నాలుగు వైపులనుంచీ చూడాలి, కాస్త ఓపిక పట్టండి."

ఆవిడ తల తిప్పి వెనక్కి వాల్చగానే ఆయన అరిచిన అరుపుకి బయట కూర్చున్న రోగులు సగంమంది వెళ్ళిపోయారు. భ్రమరాంబ గారు చెయ్యి వదల్లేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు, దొర్లించారు, లేపి కూర్చోబెట్టారు. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంకా తిరుగుతుందేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నారు. తరవాత ఒక కన్ను తెరిచారు. తరవాత రెండోది.

"నిలిచింది," అన్నారు.

"భ్రమరా, నిలిచిందే!" అని ఆయన భార్యకేసి తల తిప్పారు. ఆవిడ కొంగుతో ఆయన మొహం తుడిచారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నాకూ కళ్ళు చెమర్చాయి, ఒప్పుకుంటాను.

అయిదు నిమిషాల్లో ఆయన మళ్ళీ డైరెక్టరయ్యారు. "రాసుకోండి అలివేలు గారూ. ఈ భవనం తొలుత తిరిగి, తనిఖీ సమయంలో స్థిరపడింది." నేను రాసుకున్నాను.

మర్నాడు ఆయన తాడు పట్టుకోకుండా మెట్లెక్కి వస్తుంటే ఆఫీసంతా నోరు వెళ్ళబెట్టి చూసింది. గంట తిరక్కముందే నాకు కబురొచ్చింది. వెళితే మొహం మళ్ళీ పాలిపోయి ఉంది. కళ్ళు మాత్రం స్థిరంగా ఉన్నాయి.

"తిరగడం లేదండీ అలివేలు గారూ."

"సంతోషం సార్."

"సంతోషమేంటండీ! రాజధాని నుంచి ముఖ్య కమిషనరు గారు వస్తున్నారు. మన నివేదికలు చూసి 'భవన భ్రమణ నివారణ పథకం' మంజూరు చేశారు. ప్రారంభోత్సవంలో అందరికీ నిలుపు పెడతారట, నాతో మొదలుపెట్టి. తూలకపోతే నా తలలో లోపమున్నట్టు, కుర్చీకి అనర్హుడిని. ఆ సర్క్యులరు మీద సంతకం నాదే!"

"భవనం ఆగిపోయిందని చెప్పెయ్యండి సార్."

"పథకం మంజూరయ్యాక ఎలా ఆగుతుందండీ? ఆపవలసింది పథకం. తనంతట తాను ఆగిపోయే అధికారం భవనానికి లేదు." ఆయన గొంతు తగ్గించారు. "ఈ ఆఫీసులో నిజంగా తూలింది మీరొక్కరే. నాకు నేర్పండి."

నిన్నటిదాకా ఆయనకే తిరిగింది కదా, అప్పుడే మరిచిపోయారా అని మీరు అడగవచ్చు. ఒక రాత్రి మంచం మీద హాయిగా నిద్రపోయారు, అంతే, నెల్లాళ్ళ కుర్చీ చెరిగిపోయింది. బాధ తగ్గిన మనిషికి మరుపు అంత తొందరగా వస్తుంది. నిలబడి తూలి చూపించమన్నాను. కాళ్ళు పెనవేసుకుంటూ, తల వేలాడేసి ఊగారు.

"అది తాగినవాళ్ళ తూలడం సార్."

"నాకు తెలిసిన తూలడం అదేనండీ."

"తెలుసు సార్. రిజిస్టరులో అలాగే రాయించారు."

ఆయన తల దించుకున్నారు. నేను ఇక సందు వదల్లేదు. ఆ మచ్చలు రెండూ పోతేనే నేర్పుతానన్నాను. ఆయన చాలాసేపు గుంజాటన పడ్డారు. కొట్టివేతలు నిషిద్ధమే. అయితే చేర్పులు నిషిద్ధమని ఎక్కడా లేదు. రిజిస్టరు తెప్పించి నా ఎదుటే రాశారు. "విధి నిర్వహణలో తూలుట" పక్కన "ఆదర్శప్రాయము" అని చేర్చారు. "విధి నిర్వహణలో తూలకుండుట" పక్కన "విశ్రాంతి నిమిత్తము" అని చేర్చారు. మచ్చలు కాస్తా యోగ్యతలయ్యాయి, వైద్య మండలి తాఖీదు కూడా రద్దయింది.

అప్పుడు నేర్పాను. "ముందు కాలు కదపకండి సార్. ముందు చెయ్యి కదులుతుంది, గోడకోసం వెతుక్కుంటుంది. నోటమాట రాదు. పక్కనున్న మనిషికేసి చూస్తారు, పట్టుకుంటాడేమోనని." ఆయన బుద్ధిమంతుడైన విద్యార్థిలా అన్నీ రాసుకున్నారు.

ప్రారంభోత్సవం ఆఫీసు హాల్లోనే. షామియానా గుడ్డలు, బంతిపూల దండలు, ఎక్కడ చూసినా కొత్త తాళ్ళు. ముఖ్య కమిషనరు గారు నిండైన మనిషి. ఆయన నిలుపు పెడితే విశ్వంభరం గారు చెయ్యి చాచి, గోడకోసం వెతికి, నోటమాట రానట్టు పక్కకి చూసి, ఎంతో నిదానంగా తూలారు. నాకు చూస్తుంటే గురువుననే గర్వం కలిగింది. ముఖ్య కమిషనరు గారు కూడా మర్యాదకి ఒకసారి తూలి, మైకు అందుకున్నారు.

"స్థిరత్వమునకు నిలయమైన ఈ కార్యాలయము, భ్రమణమును సైతము ధైర్యముగా ఎదుర్కొని, రాష్ట్రానికే ఆదర్శమైనది. ఈ భ్రమణాన్ని ఏడాది ముందే గుర్తించి, అప్పటి పరిస్థితుల దృష్ట్యా తగు గుర్తింపునకు నోచుకోని సూపరింటెండెంటు శ్రీమతి అలివేలు గారిని ఘనంగా సత్కరించుకుందాం. వీరి సర్వీసు రిజిస్టరులో ఏమి రాసి ఉన్నదో చదువుతాను, వినండి. విధి నిర్వహణలో తూలుట, ఆదర్శప్రాయము!"

చప్పట్లు మోగాయి. కాంటీను కుర్రాడు గుమ్మంలో నిలబడి ఈల వేశాడు. మా నాన్నగారు ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. వేదిక ఎక్కాను. దండ వెయ్యడానికి వీలుగా తల బాగా వంచాను. శాలువా కప్పారు. ఫొటోగ్రాఫరు కిందనుంచి, "మేడం గారూ, తల పైకెత్తి ఇటు చూడండి!" అని అరిచాడు. ఎత్తాను.

హాలు గిర్రున తిరిగింది.

ఈసారి నిజంగా. షామియానా, పూలు, ముఖ్య కమిషనరు గారు, కింద వరసల్లో మొహాలు, అన్నీ ఒక్కసారి పక్కకి కొట్టుకుపోయాయి. నా చెయ్యి గోడకోసం వెతికింది. వేదిక మీద గోడ లేదు. మైకు కాడ దొరికితే పట్టుకున్నాను. "పట్టుకోండి," అన్నాను. అది మైకులో హాలంతా వినిపించింది. "నాకు నిజంగా తిరుగుతోందండీ, పడిపోతున్నాను, పట్టుకోండి!"

"ఆహా!" అన్నారు ముఖ్య కమిషనరు గారు. "సహజత్వమంటే ఇది!"

చప్పట్లు రెట్టింపయ్యాయి. అందరూ లేచి నిలబడి మరీ కొట్టారు. కోదండపాణి మొదటి వరసలో కుడికీ ఎడమకీ సమానంగా ఊగుతూ కొట్టాడు.

నా పక్క కుర్చీలో విశ్వంభరం గారున్నారు. నా చెయ్యి ఎలా వెతుకుతోందో వేదిక మీద గుర్తుపట్టగలిగింది ఆయనొక్కరే. గుర్తుపట్టారు. లేచారు కూడా. నా వైపు చెయ్యి చాచారు. అంతలో ముఖ్య కమిషనరు గారు ఆయనకేసి చూశారు. చాచిన ఆ చేత్తోనే విశ్వంభరం గారు గాలిలో గోడని వెతికి, పక్కకి తూలి, కుర్చీలో కూర్చుండిపోయారు. దానికి వేరే చప్పట్లు వచ్చాయి.

మైకు కాడతో సహా నేను నేల మీదికి జారాను. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఎవరో కుర్చీలు తోసుకుంటూ, వేదిక మెట్లెక్కి పరిగెత్తుకొచ్చారు. నా పక్కన కటిక నేల మీద చతికిలబడి, నా తలని రెండు చేతులా ఒళ్ళోకి తీసుకుని, "కదలకమ్మా, ఇదిగో నేను పట్టుకున్నాను, పోతుంది, ఇప్పుడే పోతుంది," అన్నారు. కళ్ళు మూసుకునే ఉన్నా గొంతు పోల్చుకున్నాను. భ్రమరాంబ గారు.

ఆవిడ మా సంస్థలో ఉద్యోగి కాదు.